అప్‌డేట్: ఒకే గీత ఇంకు బొమ్మ పూర్తయింది

కళకీ బతుక్కీ ఉన్న సంబంధాన్ని ఇంకు బొమ్మలో చూపించాలి, కానీ పోస్టర్‌లా ఉండకూడదు, ఏం చేయమంటారని అడిగాను కదా. బొమ్మ పూర్తయింది. అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా, అమెరికన్ చిత్రకారుడు సాల్ స్టైన్‌బర్గ్ వేసిన 'ది లైన్' చూడమన్నది. 1954లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో పిల్లల కోసం కట్టిన చిక్కుదారి గోడలకని ఇంకుతో గీసిన బొమ్మ, దాదాపు 10 మీటర్ల పొడవు. ఒక చెయ్యి అడ్డంగా గీత గీస్తూ పోతుంది. అదే ఒకచోట నీటి అంచు, ఇంకోచోట బట్టలారేసే తీగ, మరోచోట రైలు వంతెన. గీత అదే, దాని పైనా కిందా ఉన్నవే మారతాయి.

దాంతో నా బొమ్మలో ముందు పెట్టిన గుండె, కుంచె లాంటి గుర్తులన్నీ తీసేశాను. ఇప్పుడు గీత మా గడప దగ్గర మొదలై దండెం అవుతుంది, దాని మీద అమ్మ చీర. తర్వాత వంటగట్టు అంచు, కరెంటు తీగ, చివర్లో నా టేబుల్. పెన్ను పట్టిన చెయ్యిని మాత్రం టేబుల్ మీద కాకుండా వంటగట్టు మీద, పోపు గరిటె పక్కన పెట్టాను. నేను నిజంగా గీసుకునేది అక్కడే, కుక్కర్ విజిళ్ల మధ్య!

కాగితం మీద ఇంకు పాకే సమస్యకి వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు, బ్రిస్టల్ అనే నున్నటి మందపాటి డ్రాయింగ్ కాగితం వాడాను. ఆరాక పైన నీళ్ల వాష్ వేసినా గీత చెదరలేదు, కాగితం కాస్త ముడతపడింది అంతే. ఈ ఇంకుల్లో చాలావాటిలో లక్క ఉంటుంది, ఫౌంటెన్ పెన్నులో పోస్తే ఎండి మూసుకుపోతుంది. ఇంకులో ముంచి రాసే డిప్ పెన్నుకే వాడండి.

ఎర్ర రంగు అద్దమన్నవాళ్ల మాట మాత్రం వినలేదు. ఫ్రేముకి మామూలు గాజు మంచిదా, మెరవనిదా?