ట్యాక్స్ అందరికీ 15 శాతం అయ్యాక ఐర్లాండ్ లాంటి చిన్న దేశానికి కంపెనీలు ఇంకా ఎందుకు వస్తాయి?

అలల_లెక్క:
అందరికీ నమస్తే. ఎకనామిక్స్ స్టూడెంట్‌ని, ప్రాజెక్ట్ కోసం చిన్న ఓపెన్ ఎకానమీల మీద చదువుతున్నా, అంటే సొంత మార్కెట్ చిన్నగా ఉండి బతుకంతా ఎగుమతి దిగుమతుల మీద, బయటి పెట్టుబడి మీద నడిచే దేశాలు. ఐర్లాండ్ తీసుకున్నా. జనాభా 50 లక్షలు కొంచెం దాటింది అంతే, అయినా పెద్ద పెద్ద మందుల కంపెనీలు, చిప్ కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు అక్కడ దిగాయి. ఎందుకు అంటే నేను చదివిన ప్రతిచోటా ఒకటే మాట, 2003 నుంచి ఉన్న 12.5 శాతం కార్పొరేట్ ట్యాక్స్. సరే, కానీ 2021 అక్టోబర్‌లో ఐర్లాండ్ కూడా ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలుండే సంస్థ) ఒప్పందంలో చేరింది కదా, 2024 నుంచి 75 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన గ్రూపులు కనీసం 15 శాతం కట్టాలి. ఒక దేశం తక్కువ వేసినా మిగతాది ఇంకో దేశం వసూలు చేసుకునేలా రూల్ పెట్టారు. మరి ఇప్పుడు ఏం చూపించి పిలుస్తారు? నిజంగా అర్థం కాక అడుగుతున్నా, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత_లెడ్జర్:
మంచి ప్రశ్న అండి. కానీ ట్యాక్స్ దగ్గర మొదలుపెడితే సగం కథే తెలుస్తుంది. 1930ల్లో ఇదే దేశం విదేశీయుల చేతిలో ఫ్యాక్టరీలు ఉండకూడదని చట్టాలు చేసింది. తలుపులు మూసుకుని కూర్చుంటే ఏమైందంటే 1950ల్లో ఒక్క పదేళ్లలోనే దాదాపు 4 లక్షల మంది దేశం వదిలి వెళ్లిపోయారు, అప్పటికి జనాభా 30 లక్షలే. ఆ దెబ్బకి ఆలోచన మారింది. 1956లో ఎగుమతుల లాభాల మీద పన్ను రాయితీ, 1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి విటేకర్ రిపోర్టు, ఆ తర్వాత పడమటి వైపు ఉన్న షానన్ ఎయిర్‌పోర్టు.

షానన్ సంగతి మీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టండి. అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం అక్కడ ఆగేవి, ఆ ఊరికి అదే ఆధారం. జెట్‌లు వచ్చేసరికి ఆగకుండా పైనుంచే వెళ్లిపోయే రోజులొచ్చాయి. ఎయిర్‌పోర్టు ఖాళీ అయిపోతుందని తెలిసి ముందే రన్‌వే పక్కన ఫ్రీ జోన్ (సుంకాలు లేని ప్రాంతం) పెట్టి, 1959లో, ఫ్యాక్టరీలని పిలిచారు. తర్వాత 1967లో హైస్కూల్ చదువు ఉచితం చేశారు, 1973లో యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్) చేరారు, దాంతో చిన్న దేశం కాస్తా పెద్ద మార్కెట్‌కి గుమ్మం అయింది.

ఇక ట్యాక్స్‌లో అసలు బలం రేటు తక్కువ ఉండటం కంటే మాట తప్పకపోవడం అని నా అభిప్రాయం. 1981లో తయారీకి 10 శాతం పెట్టారు, తర్వాత యూరప్ ఒత్తిడితో అన్నిటికీ 12.5కి మార్చినా పాత కంపెనీలకి 2010 దాకా 10 శాతమే ఉంచారు. 2010 చివర్లో బ్యాంకులు కూలి 8,500 కోట్ల యూరోల సాయం ప్యాకేజీ తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఫ్రాన్స్, జర్మనీ రేటు పెంచమని గట్టిగా పట్టుబట్టాయి, ఖజానా ఖాళీగా ఉన్నా పెంచలేదు. ప్లాంట్ కట్టేవాడు పాతికేళ్లకి లెక్క వేసుకుంటాడు, వాడికి ఇలాంటివి గుర్తుండిపోతాయి.

రాత్రి_షిఫ్ట్:
నేను ఐర్లాండ్ దక్షిణాన కార్క్ దగ్గర ఒక మందుల ప్లాంట్‌లో పనిచేస్తున్నా, పేరు చెప్పను. ఇక్కడ రింగాస్కిడ్డీ వైపు మందుల కంపెనీలు 1970ల నుంచి ఉన్నాయి, అంటే తాత చేసిన పనే మనవడు చేస్తున్న ఇళ్లు ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే పోయినేడాది మా కంపెనీ కొత్త ఇంజెక్షన్ ఒకటి ఏ సైట్‌కి ఇవ్వాలా అని చూసింది, మూడు దేశాల సైట్లు పోటీ. హెడ్ ఆఫీస్ నుంచి వచ్చినవాళ్లు రెండు రోజులు కూర్చున్నారు, మా టీమ్‌తో వాళ్లు మాట్లాడినంతసేపూ ట్యాక్స్ మాటే రాలేదు (అది ఫైనాన్స్ వాళ్లు ముందే చూసుకుని ఉంటారు, కాదనను). అడిగినవన్నీ వేరే. స్టెరైల్ ఫిల్లింగ్ (క్రిములు చేరకుండా మందు నింపడం) తెలిసిన ఆపరేటర్లు ఎంతమంది, ఒకరు మానేస్తే ఎన్ని వారాల్లో ఇంకొకరు దొరుకుతారు, గత ఇన్‌స్పెక్షన్లలో ఏం రాశారు, బ్యాచ్ రికార్డులు తెచ్చి చూపించండి. గౌనింగ్ రూమ్ (లోపలికి వెళ్లే ముందు శుభ్రమైన సూట్లు వేసుకునే గది) అద్దం బయట నిలబడి మావాళ్లు గ్లవ్స్ ఎలా వేసుకుంటున్నారో పది నిమిషాలు చూశాడు ఒకాయన. బ్యాచ్ పాడైతే లక్షల యూరోలు పోతాయి, రెండు మూడు శాతం ట్యాక్స్ తేడా ఆ నష్టం ముందు ఎంత చెప్పండి.

మనుషుల్ని తయారుచేయడానికి డబ్లిన్‌లో నిబర్ట్ అని ట్రైనింగ్ సెంటర్ ఉంది, ప్రభుత్వం డబ్బుతో కట్టింది, లోపల అచ్చం నిజం ప్లాంట్ లాగే ట్యాంకులు, పైపులు, ఫిల్లింగ్ లైన్. నేనూ అక్కడ చేసి వచ్చా. ఆ వాల్వులు చేత్తో తిప్పి నేర్చుకున్నాను కాబట్టే ఇక్కడ మొదటి రోజు చెయ్యి వణకలేదు.

గవ్వలు:
ఇద్దరూ బాగా చెప్పారు గానీ భయపడాల్సిన వైపు ఎవరూ చూపించలేదు. 2009లో కంప్యూటర్ల కంపెనీ డెల్ ఐర్లాండ్‌లోని లిమరిక్ ఫ్యాక్టరీలో తయారీ ఆపి పోలండ్‌లోని వూచ్‌కి తీసుకెళ్లింది, 1,900 ఉద్యోగాలు. అక్కడ పనివాళ్లు బాగా చేయక కాదు, అదే పని వేరేచోట తక్కువ జీతానికి దొరికింది. మధ్య అమెరికాలోని చిన్న దేశం కోస్టారికాలోనూ అంతే, 1990ల చివర్లో చిప్ కంపెనీ ఇంటెల్ వచ్చింది, దేశం ఎగుమతుల రూపే మారిపోయింది, 2014లో చిప్‌ల కూర్పు పని ఆపేస్తున్నాం అని చెప్పింది, దాదాపు 1,500 మంది రోడ్డున పడ్డారు. ఆ దేశం నిలబడింది ఎందుకంటే ఆ మధ్యలో వైద్య పరికరాల కంపెనీలు ఒక్కొక్కటిగా వచ్చి స్థిరపడ్డాయి, ఇప్పుడు ఎగుమతుల్లో అవే ముందున్నాయి. అంటే ఒక్క పెద్ద కంపెనీని నమ్ముకోకుండా ఒకే రకం పని చేసే పది కంపెనీలు, వాటికి సప్లై చేసే లోకల్ షాపులు ఉండాలి.

ఐర్లాండ్‌లో కార్పొరేట్ ట్యాక్స్ ఆదాయంలో సగం పైగా పది కంపెనీల గ్రూపుల నుంచే వస్తోంది. ఒక్కటి కదిలినా బడ్జెట్ ఊగిపోతుంది. ఇంకో మాట, ప్రాజెక్టులో జీడీపీ వాడకండి దయచేసి. 2015లో అక్కడ జీడీపీ ఒక్క ఏడాదిలో దాదాపు 26 శాతం పెరిగింది, జనం జీతాలు అలా పెరగలేదు, కంపెనీలు పేటెంట్ల లాంటి ఆస్తులు ఐర్లాండ్ ఖాతాల్లోకి మార్చాయి అంతే. అందుకే వాళ్ల గణాంకాల ఆఫీసు సవరించిన జీఎన్‌ఐ అని, ఇలాంటి మార్పుల ప్రభావం తీసేసి దేశానికి నిజంగా మిగిలే ఆదాయం చూపే వేరే లెక్క వేస్తోంది, అది చూడండి.

అలల_లెక్క:
అబ్బా చాలా థాంక్స్, జీడీపీ టేబుల్స్ అన్నీ వేసేశాను, మళ్లీ చేయాలి. ఒక డౌట్ మిగిలింది, రేటు పోటీ ఆగిపోతే ఇప్పుడు సబ్సిడీ పోటీ మొదలవదా?

పాత_లెడ్జర్:
మొదలైంది కూడా. 15 శాతం రూల్స్‌లో ఒక కిటుకు ఉంది, మామూలు ట్యాక్స్ రాయితీ ఇస్తే కంపెనీ కట్టే రేటు తగ్గినట్టు లెక్క, అదే రాయితీని కట్టాల్సిన ట్యాక్స్ లేకపోయినా నాలుగేళ్లలోపు క్యాష్‌గా వెనక్కి ఇచ్చే పద్ధతిలో పెడితే దాన్ని ఆదాయం కింద చూస్తారు, రేటు అంతగా పడిపోదు. అందుకే ఐర్లాండ్ పరిశోధన ఖర్చు మీద ఇచ్చే ఆర్‌ అండ్ డీ క్రెడిట్‌ని అలా మార్చి 2024లో 25 నుంచి 30 శాతం చేసింది, సింగపూర్ కూడా అదే ఏడాది బడ్జెట్‌లో క్యాష్‌గా తిరిగిచ్చే క్రెడిట్ ప్రకటించింది. కానీ అమెరికా 2022లో చిప్ ఫ్యాక్టరీలకి సాయం చేసే ఒక్క చిప్స్ చట్టానికే 5,000 కోట్ల డాలర్ల పైన పక్కన పెట్టింది, ఆ వేలంపాటలో చిన్న దేశం ఎంతసేపు నిలబడుతుంది? దానికంటే ఆ డబ్బు కరెంటు, నీళ్లు, ఇళ్ల మీద పెట్టడం మేలు. డేటా సెంటర్లే 2023లో ఐర్లాండ్ కరెంటులో 21 శాతం వాడేశాయి, కొత్త ఫ్యాక్టరీ వస్తామంటే గ్రిడ్ కనెక్షన్ ఎప్పుడిస్తారు అన్నదే మొదటి ప్రశ్న అవుతోంది.

రాత్రి_షిఫ్ట్:
ఇళ్ల మాట నూటికి నూరు నిజం. మా లైన్‌కి ఒక మంచి ఇంజినీర్ సెలెక్ట్ అయ్యాడు, ఆఫర్ లెటర్ మీద సంతకం కూడా పెట్టాడు, భార్యా పాపతో వచ్చి హోటల్‌లో దిగి అయిదు వారాలు ఇల్లు వెతికాడు. అద్దె ఇల్లు చూపించే ప్రతి వ్యూయింగ్‌కి మెట్ల దాకా క్యూ. నేనే రెండుసార్లు తోడు వెళ్లా. చివరికి పాపకి స్కూల్ సీటు కూడా దొరక్క వెనక్కి వెళ్లిపోయాడు, ఆ పోస్ట్ ఇంకా ఖాళీగానే ఉంది, ఆ షిఫ్టులు మేమే పంచుకుంటున్నాం. అన్నట్టు ఆ ఇంజెక్షన్ మా సైట్‌కే వచ్చింది, వచ్చే ఏడాది ఇంకో 60 మందిని తీసుకోవాలంటున్నారు. వాళ్లంతా ఎక్కడ ఉంటారో మా హెచ్ఆర్‌కి కూడా తెలియదు.

అలల_లెక్క:
అయితే ఇళ్లు, కరెంటు మీద ఒక చాప్టర్ పెట్టేస్తా. రాత్రి షిఫ్ట్ గారూ, గ్లవ్స్ విషయం పేరు లేకుండా రాసుకోవచ్చా?

రాత్రి_షిఫ్ట్:
రాసుకోండి.