కష్టంలో మొర ముందా, మేలుల లెక్క ముందా?

చర్చాంశం: గృహకూడికల్లో ప్రార్థన మనవులు అడిగితే కష్టాల ఏకరువుతోనే సమయం అయిపోతోంది. ముందు ప్రతి ఒక్కరూ దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పాలి, బాధ ఆ తర్వాతే అని నియమం పెట్టవచ్చా?

ఒలీవకొమ్మ:
పెట్టాలి. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది బైబిల్లోని 103వ కీర్తన. తనమీద తాను జాలిపడటానికి వేరు ఆ మరుపులోనే ఉంది. పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు రాస్తూ, సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానన్నాడు (4:11). నేర్చుకునేదైతే సాధన కావాలి. రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో మూడు మేలులు రాయండి. "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని రాస్తే వారం తిరిగేసరికి అది వట్టి అలవాటైపోతుంది. "పాపకు జ్వరం 102 నుంచి 99కి దిగింది", "పక్కింటావిడ బాబును బడి నుంచి తీసుకొచ్చింది" లాంటివి, ఆ రోజుకే చెందినవి రాయాలి.

హోరేబు బాట:
వందనాలు బ్రదర్. నోట్‌బుక్ మంచిదే, నాకు అభ్యంతరం మీ వరుస మీదే. 1 రాజులు 19 చూడండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు తిండి పెట్టించాడు. హోరేబు కొండ దగ్గర "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అని అడిగి, చెప్పిందంతా విన్నాడు. బయలు అనే దేవతకు మోకాళ్లూనని 7,000 మంది ఉన్నారన్న మాట 18వ వచనంలో గానీ రాలేదు. లెక్క చివర వచ్చింది. మీరు దాన్ని గుమ్మం దగ్గరే అడుగుతున్నారు.

ఒలీవకొమ్మ:
ఒప్పుకుంటాను. కానీ అదే అధ్యాయంలో 10, 14 వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. గాలి, భూకంపం, మెరుపు, మెల్లని స్వరం అన్నీ అయ్యాక కూడా ఏలీయా అదే ఫిర్యాదు మళ్లీ వినిపించాడు: నేనొక్కణ్ణే మిగిలాను. మొర తనమీద తనకే జాలిగా మారేది అక్కడే. ఈసారి దేవుడు పని అప్పజెప్పాడు: రాజులుగా హజాయేలును, యెహూను, ప్రవక్తగా ఎలీషాను అభిషేకించమన్నాడు.

హోరేబు బాట:
ఇది మంచి గుర్తు. అయితే ప్రతి మొరా స్తుతితో ముగియాలని మాత్రం అనకండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. అయినా 18 వచనాలూ దేవునితోనే మాట్లాడుతుంది. తనమీద తాను జాలిపడేవాడు తనతో తానే మాట్లాడుకుంటాడు.

కూడిక సేవకురాలు:
అన్నలిద్దరికీ వందనాలు. కూడికలో 13వ కీర్తన వరుస పనికొస్తుంది, ఉన్నవి ఆరే వచనాలు. రెండు వచనాల్లో ప్రశ్న, రెండింటిలో మనవి, రెండింటిలో నమ్మిక. మనిషికి మూడు నిమిషాలివ్వండి. మూడో భాగానికి ఎవరైనా రాలేకపోతే తొందరపెట్టకండి, పక్కవాళ్లు వారి తరఫున ఆ వచనాలు చదవాలి. గతవారం చెప్పిందే మళ్లీ చెబితే, "ఈ వారం ఏ పనికి తోడు కావాలి?" అని అడగండి: ఆసుపత్రికా, బ్యాంకుకా, వంటకా.

"నీకంటే కష్టంలో ఉన్నవాళ్లను చూడు" అనే ఓదార్పు మానేయాలి. లూకా 18లో పరిసయ్యుడు చెప్పింది ఆ కృతజ్ఞతే: ఇతరుల్లా లేనందుకు. 1 థెస్సలొనీక 5:18 "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమంటుంది కదా. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ మరణం కోసమే స్తుతించమనడానికి దాన్ని వాడకూడదు. ఎఫెసీ 5:20లో "సమస్తమును గూర్చి" అని ఉందని ఎవరైనా ఎత్తిచూపుతారు, నిజమే. కానీ తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు విడిచాడు.

ఇంకొకటి. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకపోతే దాన్ని అవిశ్వాసం అనకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చావు మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, వాళ్లను ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఏలీయాకు కూడా ముందు అందింది రొట్టె, నీళ్లు, నిద్రే.