బెంగళూరులో ఉంటూ ఓటు ఊళ్ళోనే ఉంచుకోవడం న్యాయమేనా?

బెళ్ళందూరు_పద్మ
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళవి డెబ్భై ఇళ్ళకు పైనే. ఓటరు జాబితా తీసి చూస్తే ఆరు ఇళ్ళవాళ్ళ పేర్లే దొరికాయి. మిగతావాళ్ళు పదేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఓటు మాత్రం గుంటూరులోనో కడపలోనో ఉంచుకున్నారు. 2022 సెప్టెంబర్ వరదలో ట్రాక్టరెక్కి బయటపడినవాళ్ళలో నేనూ ఉన్నాను. రాజకాలువ (వాననీళ్ళు పోయే పెద్ద కాలువ) మీద కట్టడానికి ఎవరు ఒప్పుకున్నారని అడుగుదామంటే కార్పొరేటరే లేడు. 2015 ఆగస్టులో ఎన్నికైన బెంగళూరు కార్పొరేషన్ పాలకమండలి గడువు 2020 సెప్టెంబర్ 10తో అయిపోయింది. గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో ఉంది. అయినా అయిదేళ్ళు దాటినా అధికారుల పాలనే నడిచింది. 198 వార్డుల కార్పొరేషన్ పోయి అయిదు కార్పొరేషన్లు, 369 వార్డులు వచ్చాయి. మనకు ఓటే లేకపోతే మన కోసం ఏ పార్టీ తొందరపడుతుంది? ఫారం 8 నింపండి, ఓటు ఇక్కడికి మార్చుకోండి.

నెల్లూరు_సుధ
నేను మార్చుకున్నాను మేడం. ఆన్‌లైన్‌లోనే అయిపోయింది.

ఒంగోలు_చిన్నా
పద్మ గారూ, నేను మార్చను. ఏడేళ్ళలో అయిదు ఇళ్ళు మారాను. అన్నిచోట్లా 11 నెలల అగ్రిమెంటే. మొదటి ఇంట్లో ఓటు కోసం దాని కాపీ అడిగాను. "కార్డు చేతికొస్తే రేపు ఖాళీ చేయనంటావు" అన్నాడు ఓనరు. ఆ నెలాఖరుకే ఇల్లు చూసుకోమన్నాడు.

ఇక మా ఊరి సంగతి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలప్పుడు పెద్దలు మా కాలనీకి వచ్చి ఏకగ్రీవం చేద్దామన్నారు. ఏకగ్రీవమైతే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వం ఇస్తుంది కదా, ఊరు బాగుపడుతుందని వాళ్ళ మాట. మా వార్డుకు మెంబరు ఎవరో కూడా వాళ్ళే తేల్చేసి వచ్చారు. మా అమ్మ ఒప్పుకోకుండా నామినేషన్ వేసింది. మేం పదకొండు మంది పిల్లలం మడివాళలో రాత్రి బస్సెక్కి వెళ్ళాం. అమ్మ నాలుగు ఓట్లతో గెలిచింది. ఆ పదకొండు ఓట్లూ బెంగళూరులో ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే చెప్పండి.

కదిరి_లాయర్
చిన్నా గారూ, మీ బాధ అర్థమైంది. కానీ 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎక్కడ మామూలుగా నివాసం ఉంటే అక్కడే ఓటు. ఊళ్ళో సొంత ఇల్లున్నంత మాత్రాన ఊరివాళ్ళు కారని 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

ఒంగోలు_చిన్నా
అదే సెక్షన్‌లో, తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన నివాసం పోదనీ ఉంది. అది వదిలేశారేం?

కదిరి_లాయర్
ఏడేళ్ళు తాత్కాలికమా?

ఒంగోలు_చిన్నా
11 నెలలకోసారి సామాను సర్దుకునేవాడికి ఏది శాశ్వతమో మీరు చెప్పండి లాయరు గారూ.

హిందూపురం99
రెండుచోట్లా ఉంచుకుంటే పోలా.

కదిరి_లాయర్
దయచేసి అలాంటి సలహాలివ్వకండి. అది నేరం. ఇంకో మాట, అగ్రిమెంటు లేకపోయినా ఫారం తిరస్కరించకూడదు. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి విచారించి పేరు చేర్చవచ్చు.

బెళ్ళందూరు_పద్మ
చట్టం సంగతి అటుంచండి. ఈ నీళ్ళు తాగుతారు, ఈ రోడ్ల మీద తిరుగుతారు, ఇక్కడే చెత్త వేస్తారు. బాధ్యత మాత్రం ఊరికి. ఇది న్యాయం కాదు చిన్నా గారూ. ఊరి మీద ప్రేముంటే డబ్బు పంపండి.

ఒంగోలు_చిన్నా
ఈ మాట మీరు అనకూడదు. పోయిన నెల మెయింటెనెన్స్ చర్చలో మీరేం రాశారో నాకు గుర్తుంది. అద్దెవాళ్ళు ఇవాళ ఉంటారు, రేపు పోతారు, అసోసియేషన్‌లో ఓటు ఓనర్లకే ఉండాలి అన్నారు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మేము. ట్యాంకరు రాకపోతే బకెట్లు పట్టుకుని దిగేది మేము. అక్కడ మేం మనుషులం కాము. వార్డు ఎన్నికకు జనం తక్కువయ్యేసరికి ఇక్కడివాళ్ళమైపోయామా?

బెళ్ళందూరు_పద్మ
అది ఆస్తి విషయం. లిఫ్టు మార్చాలంటే లక్షలు పెట్టేది ఓనర్లు. దీన్నీ దాన్నీ కలపకండి.

ఒంగోలు_చిన్నా
నేను కలపలేదండీ, రెండూ ఒకటే. బ్రిటిష్‌వాళ్ళ 1935 చట్టం కింద ప్రధానంగా ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్ళకే ఓటు. ఆ మూడూ లేని మా తాత ముప్పై ఏళ్ళు దాటాక 1952లో మొదటిసారి ఓటేశాడు. పెట్టుబడి పెట్టినవాడికే మాట ఉండాలన్న వాదన ఆయన బతికున్నన్నాళ్ళూ విన్నాడు. ఇప్పుడు నేను మీ దగ్గర వింటున్నాను.

మాగడిరోడ్_మంజుల
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మేమూ తెలుగువాళ్ళమే. మా అమ్మమ్మ అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ వీధులు ఊడ్చింది, తర్వాత అమ్మ. ఈ నగరంలో పౌరకార్మికుల్లో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. మాకు వేరే ఊరు లేదు. ఓటు మూడు తరాలుగా ఇక్కడే.

ఒకసారి కాంట్రాక్టరు మూడు నెలల జీతం ఆపేశాడు. తెల్లారి హాజరు వేయించుకుని, అమ్మావాళ్ళు చీపుళ్ళు పట్టుకునే వెళ్ళి కార్పొరేటర్ ఇంటి మెట్ల మీద కూర్చున్నారు. ఆయన దేవుడేం కాదు. కానీ పక్కవీధిలోనే ఇల్లు, మళ్ళీ మా ఓట్లు కావాలి. రెండోరోజు సగం డబ్బు వచ్చింది. ఇప్పుడు మా తమ్ముడు చెత్త ఆటోలో లోడరు, ఇంకా కాంట్రాక్టు కిందే. వాడి జీతం ఆగితే మేం ఎవరి మెట్ల మీద కూర్చోవాలి?

ఒంగోలు_చిన్నా
మంజుల గారూ, 2025 మే 1న పన్నెండు వేల మందికి పైగా పౌరకార్మికులకు పర్మనెంట్ ఉత్తర్వులిచ్చారు. అప్పుడు కార్పొరేటర్ ఎవరూ లేరు కదా. అది 2022 జూలైలో పని ఆపి కూర్చుంటే వచ్చింది, ఓటుతో కాదు.

మాగడిరోడ్_మంజుల
ఆ రోజుల్లో ఫ్రీడమ్ పార్కులో అమ్మ పక్కన నేనూ కూర్చున్నానన్నా. నగరమంతా చెత్త పేరుకుంటేగానీ మా మాట వినలేదు. ఒక్క వీధిలో ఒక్క మనిషి జీతం ఆగితే నగరమంతా ఆపలేం. అందుకే వార్డుకొక మనిషి కావాలి. మీ అమ్మగారు మీ వార్డుకు ఉన్నట్టు.

ఒంగోలు_చిన్నా
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అమ్మ మళ్ళీ నిలబడతానంటోంది. ఆ ఎన్నిక అయ్యేదాకా నా ఓటు కదలదు. తర్వాత ఆలోచిస్తాను. పద్మ గారూ, మీ అపార్ట్‌మెంట్‌లో అద్దెవాళ్ళు అడిగితే అగ్రిమెంటు కాపీ ఇవ్వమని ఓనర్లకు చెబుతారా?

బెళ్ళందూరు_పద్మ
చెబుతాను. ఈ ఆదివారం మీటింగ్‌లోనే పెడతాను. అసోసియేషన్ ఓటుకు మాత్రం ఒప్పుకోను.

ఒంగోలు_చిన్నా
ఆ మీటింగ్‌కు అద్దెవాళ్ళను రానిస్తారా?