నిమ్మతోట మట్టిలో సూక్ష్మజీవుల పటం: మట్టి కలిపి పంపాలా, చెట్టుకొకటి పంపాలా?

పొదలకూరు నిమ్మ:
టీ తోటల్లో మట్టి సూక్ష్మజీవుల పటాలు, అంటే ఏ చోట ఏ జీవులున్నాయో చూపేవి, గీస్తున్నారు. మన పొదలకూరు, సైదాపురం నిమ్మతోటలకూ అది కావాలి. ఎకరాకు పది చెట్ల పాదుల్లోంచి మట్టి తీసి, కలిపి ఒకే శాంపిల్ పంపితే చాలని నా మాట. ఆ జీవులను గుర్తించే డీఎన్‌ఏ పరీక్షకు శాంపిల్ లెక్కన డబ్బు కట్టాలి కదా.

ఒంగోలు ప్రయోగశాల:
అన్నా, పటం గీసేదే తేడా చూడటానికి. కలిపితే మిగిలేది సగటే. వేరుకుళ్లు తెచ్చే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం ఒక్క చెట్టు కిందే ఉంటే, మిగతా తొమ్మిది చెట్ల మట్టిలో కలిసి పలచబడిపోతుంది. పైగా చాలా పరీక్ష కిట్లలో డీఎన్‌ఏ తీసేది పావు గ్రాము మట్టిలోంచే. కిలో పంపినా చదివేది చిటికెడు. అందుకే రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి బాగా కలపకపోతే, అదే సంచిలోంచి రెండుసార్లు తీసినా ఫలితం మారుతుంది.

పొదలకూరు నిమ్మ:
జబ్బు చెట్ల విషయంలో ఒప్పుకుంటా. రెండు ఊళ్ల తోటలు పోల్చాలంటే మాత్రం కలపడమే మేలు. ఒక్క చెట్టు తోట కాదు.

గూడూరు మట్టి:
కలపడం కన్నా ఎక్కడ తవ్వామన్నది ముఖ్యం. డ్రిప్ చుక్క పడే చోటు తడి, వరుసల మధ్య ఎండు. ఈ రెండూ ఒకే సంచిలో పడితే చెట్ల తేడా కాదు, నీళ్ల తేడా కనిపిస్తుంది. కొమ్మల అంచు కింద, చెత్త పక్కకు తోసి, పై 15 సెంటీమీటర్ల మట్టి తీయాలి. చెట్టు మారినప్పుడల్లా ఆగర్ (మట్టి తీసే బర్మా) కడిగి 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. సంచి వెంటనే ఐసు పెట్టెలోకి. మే ఎండలో బండి మీద రెండు గంటలుంటే కొన్ని జీవులు పెరుగుతాయి, కొన్ని చస్తాయి. అప్పుడు పటం తోటది కాదు, సంచిది. మట్టి లేని ఖాళీ గొట్టం ఒకటి కూడా పరీక్షకు పెట్టండి, కిట్‌లోంచి వచ్చిన డీఎన్‌ఏ దొరికిపోతుంది.

ఒంగోలు ప్రయోగశాల:
పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత) కూడా కొలవండి. బ్యాక్టీరియా రకాలను అన్నిటికన్నా గట్టిగా మార్చేది అదే. టీ నేల పుల్లన, 4.5 నుంచి 5.5. మన నేలల పీహెచ్ వేరైతే ఆ పటం కొలబద్ద కాదు. ఇంకోటి: చచ్చిన జీవుల డీఎన్‌ఏ కూడా మట్టిలో నిలిచి ఉంటుంది, అన్నీ బతికున్నట్టు లెక్కేయకండి.

పొదలకూరు నిమ్మ:
అయితే నా లెక్క మారుస్తా. ఒక్కో తోటలో మంచి చెట్లు ఐదు, ఎండుతున్నవి ఐదు. ఈ రెండు గుంపులూ కలవకూడదు, గుంపు లోపల కలపొచ్చు.

ఒంగోలు ప్రయోగశాల:
లోపల కూడా వద్దు గారూ. గుంపుకు ఒక్క శాంపిలే ఉంటే ఆ తోటలో తేడా నిజమో, యాదృచ్ఛికమో చెప్పలేం. డబ్బు చాలకపోతే గుంపుకు మూడు చెట్లు చాలు, కానీ విడివిడిగా.