ఆర్మా ప్రమాదపు కార్డు మీద ఇలియట్ పేరు రాయాలా, వద్దా?

నమూనా రైలు

అందరికీ నమస్కారం. వచ్చే నెల జరిగే నమూనా రైళ్ల ప్రదర్శన కోసం ఉత్తర ఐర్లాండ్‌లోని ఆర్మా గ్రేడియంట్ (రైలు దారి వాలు) నమూనాను తయారు చేస్తున్నాను. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1889 జూన్ 12న ఆర్మా మెథడిస్టు సండే స్కూలు పిల్లలు, పెద్దలు సుమారు 940 మంది సముద్రతీరంలోని వారెన్‌పాయింట్‌కు విహారయాత్రకు బయలుదేరారు. పదిహేను పెట్టెల బండి 1:75 గ్రేడియంట్ (75 అడుగులకు ఒక అడుగు ఎత్తు) ఎక్కలేక, పైకి చేరడానికి కొద్ది దూరంలో ఆగిపోయింది. యాత్ర బాధ్యత చూస్తున్న చీఫ్ క్లర్కు జేమ్స్ ఇలియట్ బండిని విడదీసి, ముందరి ఐదు పెట్టెలను హామిల్టన్స్‌బాన్ స్టేషనులో వదిలి వచ్చి మిగిలిన పదింటిని తీసుకుపోదామని నిర్ణయించాడు. ముందు భాగం కదలబోతూ కాస్త వెనక్కి జరిగి తగలడంతో ఆ పది పెట్టెలు వాలులో కిందికి దొర్లిపోయి, వెనక వస్తున్న మామూలు ప్రయాణికుల బండిని ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు, 260 మంది గాయపడ్డారు.

నమూనా పక్కన పెట్టే కార్డులో ఒక్క వాక్యానికే చోటు ఉంది. "చీఫ్ క్లర్కు ఇలియట్ బండిని విడదీయించినందువల్ల 80 మంది మరణించారు" అని రాశాను. అది చదివి మా అమ్మాయి "ఆయన అంత చెడ్డవాడా నాన్నా?" అని అడిగింది. అప్పటి నుంచి ఆ వాక్యం నాకే నచ్చడం లేదు. మీరేమంటారు?

ఎర్రజెండా

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. ఆ వాక్యం వెంటనే తీసేయండి.

ఆ బండికి ఉన్నది సాదా వాక్యూమ్ బ్రేకు. ఇంజను పైపులోంచి గాలి లాగినప్పుడే ఆ బ్రేకు పడుతుంది, పైపు తెగినా, విప్పినా వదిలేస్తుంది. ఆటోమేటిక్ వాక్యూమ్ బ్రేకు పనిచేసే తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం: పైపులో వాక్యూమ్ (గాలి లేని స్థితి) ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది, పైపు విడిపోతే ప్రతి పెట్టెకూ బ్రేకు తనంతట తానే పడుతుంది. అంటే ఆర్మాలో కప్లింగు (పెట్టెలను కలిపే కొక్కెం), పైపు విప్పిన క్షణాన, వాలు మీద ఉన్న పది పెట్టెలకు చివరి బ్రేకు వ్యాను (గార్డు ఉండే పెట్టె)లోని హ్యాండ్ బ్రేకు తప్ప మరో ఆధారం లేకుండా పోయింది. ఆటోమేటిక్ బ్రేకు అప్పటికే వాడుకలో ఉంది, రైల్వేలను పర్యవేక్షించే బ్రిటిష్ ప్రభుత్వ శాఖ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఏళ్ల తరబడి దాన్ని పెట్టమని చెబుతూనే ఉంది. కంపెనీలు ఖర్చని దాటవేశాయి. ప్రమాదం జరిగి మూడు నెలలు తిరగకుండానే పార్లమెంటు చట్టం చేసి ప్రయాణికుల బండ్లన్నింటికీ ఆటోమేటిక్ బ్రేకు, బ్లాక్ పద్ధతి (ఒక సెక్షనులో ఒకసారి ఒకే బండి), పాయింట్లకూ (బండిని దారి మళ్లించే పట్టాలకూ) సిగ్నళ్లకూ ఇంటర్‌లాకింగు (ఒకదానితో ఒకటి ముడిపెట్టడం) తప్పనిసరి చేసింది. మూడు నెలల్లో చేయగలిగిన పనిని ముందే చేసి ఉంటే ఇలియట్ పేరు నేడు ఎవరికీ తెలిసేది కాదు.

గేజి పిచ్చి

ఐర్లాండ్ గేజి (పట్టాల మధ్య దూరం) 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1600 మిల్లీమీటర్లు. అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలులో కడితే పట్టాల మధ్య సరిగ్గా 21 మిల్లీమీటర్లు ఉండాలి. మీ ఫొటోలో 16.5 మిల్లీమీటర్ల పట్టాలు కనిపిస్తున్నాయి. ముందు దాని సంగతి తేల్చండి.

డబ్లిన్‌వాసి

ఎర్రజెండా గారూ, మీరు బ్రేకు గురించి చెప్పినదంతా నిజమే, అయితే అది సగం నిజం. పైపు విప్పితే బ్రేకు పోతుందని ఆ బండి మీద ఉన్న రైల్వే ఉద్యోగులకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా విప్పించారు. ఇరవై నిమిషాల తేడాతో వెనక మరో బండి వస్తుందనీ తెలుసు. ఆగిన బండిలో జనాన్ని అలాగే ఉంచి, ఒక గార్డును ఎర్రజెండాతో వెనక్కి పంపి, వచ్చే బండిని ఆపించి, దాని ఇంజనుతో వెనక నుంచి తోయించుకుంటే సరిపోయేది. దానికి కొత్త బ్రేకూ అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. విచారణ జరిపిన మేజర్ జనరల్ హచిన్సన్ కూడా ఇలియట్ నిర్ణయాన్నే తప్పుపట్టాడు.

నేను డబ్లిన్‌లో ఉంటాను, రెండేళ్ల క్రితం ఆర్మా వెళ్లాను. 1957 నుంచి ఆ ఊరికి రైలు లేదు కాబట్టి బస్సులోనే వెళ్లాలి. ఊరి మధ్య మాల్ అనే పచ్చిక మైదానంలో, 125 ఏళ్లు నిండిన సందర్భంగా 2014లో పెట్టిన విగ్రహం ఉంది. ఇసుకలో ఆడుకునే బకెట్టు, పార పట్టుకుని సముద్రానికి బయలుదేరిన చిన్నపిల్ల ఆమె. ఆ బకెట్టు చూశాక "వ్యవస్థ తప్పు" అనే మాట నా నోటికి రాలేదు.

ఎర్రజెండా

హచిన్సన్ నివేదిక గురించి చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పండి. ఆటోమేటిక్ బ్రేకు ఉండి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని కూడా అదే నివేదికలో ఉంది.

మరొక ప్రశ్న. రాళ్ల సంగతి ఎందుకు దాటేశారు? ఆరో పెట్టె, అంటే విడిచిపెట్టిన భాగంలో మొదటి పెట్టె, దాని చక్రాల కింద గార్డు రాళ్లు పెట్టాడు. దారి పక్కన దొరికిన మామూలు రాళ్లు. తొమ్మిది వందల మందిని ఎక్కించిన బండిని అలాంటి వాలు మీదికి పంపుతూ, చక్రం కింద పెట్టడానికి రాయి తప్ప మరేమీ అందుబాటులో ఉంచని కంపెనీ గురించి మీ అభిప్రాయం ఏమిటి?

విజయవాడ జంక్షన్

మన కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరు 29న ఆగిన పలాస ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు ఢీకొని 14 మంది పోయినప్పుడు కూడా మొదటి వేలు చనిపోయిన లోకో పైలట్ వైపే లేచింది. అంతే, ఇక నేను మాట్లాడను.

డబ్లిన్‌వాసి

రాళ్ల మీద మీకెందుకంత పట్టుదలో నాకు అర్థం కావడం లేదు. అవి రాళ్లయినా, చెక్క దిమ్మలైనా, ముందు భాగం వెనక్కి వచ్చి గుద్దితే ఏవి ఆగుతాయి? ప్రశ్న రాయి గురించి కాదు, ఆ పరిస్థితి తెచ్చిన మనిషి గురించి.

ఇక్కడి రైలు అభిమానులతో నాకున్న పేచీ కూడా ఇదే. 1980 ఆగస్టు 1న ఐర్లాండ్‌లోని బటెవంట్‌లో డబ్లిన్ నుంచి కార్క్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ సైడింగులోకి (పక్క లైనులోకి) మళ్లి పట్టాలు తప్పి 18 మంది చనిపోయారు. దాన్ని తలచుకున్నప్పుడల్లా చెక్క బాడీ పెట్టెలు ఎలా నుజ్జయ్యాయి, వాటి స్థానంలో మార్క్ 3 అనే కొత్త రకం పెట్టెలు ఎలా వచ్చాయి, ఆ 075 నంబరు ఇంజనును బాగుచేసి మళ్లీ ఎలా నడిపారు అని గంటలు మాట్లాడతారు. ఎదురుగా బండి వస్తుండగా ఒక పాయింట్స్‌మన్ చేత్తో పాయింట్లు తిప్పాడన్న మాట మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. ఎందుకు తగ్గించాలి?

ఎర్రజెండా

ఎందుకు తగ్గించాలో చెబుతాను. ఆ పాయింట్లు సిగ్నల్ క్యాబిన్‌తో కలిపి లేవు కాబట్టి. సిగ్నల్ ఒకటి చెబుతోంది, పాయింటు మరొకటి చేస్తోంది, ఆ రెంటి మధ్య మిగిలింది ఒక మనిషి చెయ్యి మాత్రమే. ఆర్మా తరువాత తెచ్చిన చట్టం ఇంటర్‌లాకింగు ఉండాలని చెప్పింది దేనికండీ?

ఇక రాళ్ల మీద నా పట్టుదల సంగతి. మా నాన్నగారు ఒక కర్మాగారం సైడింగులో షంటింగు పని చేసేవారు. ఆ లైను కొద్దిగా వాలుగా ఉండేది. చక్రాల కింద పెట్టే చెక్క వెడ్జిలు పాడైపోయాయని, కొత్తవి కావాలని ఆయన మూడుసార్లు కాగితం రాసి ఇచ్చారు. మూడో కాగితం కార్బన్ నకలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మడతల దగ్గర చిరిగితే అమ్మ అన్నం మెతుకులతో అతికించింది. వెడ్జిలు రాలేదు. ఒక రాత్రి వానలో ఆయన కంకర రాయి పెట్టి వ్యాగను నిలిపారు. తెల్లవారేసరికి అది జారి డెడ్ ఎండుకు (లైను చివరి అడ్డుకు) గుద్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా చార్జిషీటులో ఏం రాశారో తెలుసా? "వెడ్జికి బదులుగా రాయి వాడినందుకు." రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. నా ఇంటర్ ఫీజు ఆ ఏడాది మా మేనమామ కట్టాడు. రాయి గురించి ప్రశ్న కాదని మీరు ఎంత తేలిగ్గా అనేశారు!

విశ్రాంత గార్డు

బాబూ, ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ముప్పై ఏళ్లు బ్రేకు వ్యానులో తిరిగినవాడిగా ఒక్క మాట చెబుతాను. బండి బిగుసుకుని ఆగినప్పుడు, కప్లింగు సడలించడానికి ఇంజను కొంచెం వెనక్కి రావడం మామూలే. పై నుంచి వచ్చే ఆ చిన్న తాకిడి మాకు తెలియనిది కాదు. కానీ మా రోజుల్లో వ్యానులో వాక్యూమ్ కొలిచే మీటరు ముల్లు పడిపోగానే బండి మొత్తానికి బ్రేకు పడిందని తెలిసేది, ఆ ధైర్యంతోనే దిగేవాళ్లం. ఆ ముల్లు లేనివాడి భయం నేను ఎరగను.

అలాగని నియమం మరువకూడదు. ఆగిన బండికి ముందు వెనక రక్షణ చూసుకోవాలి, ఆ తరువాతే మరే పనైనా. ఇలియట్ అది తప్పాడు. ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

డబ్లిన్‌వాసి

ఎర్రజెండా గారూ, మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ వాక్యం అలా రాసేవాణ్ణి కాదు. క్షమించండి.

నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పన్నెండేళ్ల క్రితం మా చెల్లెలు బస్సు ప్రమాదంలో పోయింది. రోడ్డు వంపు తప్పన్నారు, టైర్లు పాతవన్నారు, డ్రైవరుకు నిద్ర చాలలేదన్నారు, డ్యూటీ వేసినవాడికి సిబ్బంది చాలలేదన్నారు. ప్రతి మాటా నిజమే అయి ఉండవచ్చు. ఆఖరికి "లోపాలను సరిదిద్దుతాం" అన్న కాగితం ఒకటి వచ్చింది. దాని మీద సంతకం ఉంది కానీ పేరు లేదు. ఒక్క మనిషైనా మా గుమ్మంలోకి వచ్చి, నా వల్ల జరిగిందని అనలేదు. అందుకే వ్యవస్థ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందరి తప్పూ అంటే ఎవరి తప్పూ కాదని నాకు అలా తెలిసింది.

ఎర్రజెండా

మీ చెల్లెలి గురించి విని చాలా బాధపడ్డాను. పైన నేను గొంతు పెంచినందుకు నన్నూ క్షమించండి.

అయినా ఒక మాట ఒప్పుకోలేను. మీకు పేరు దొరకలేదు, మాకు దొరికింది మా నాన్న పేరు. పేరు అడిగితే వాళ్లు ఇచ్చేది ఎప్పుడూ కిందివాడి పేరే. కార్డు మీద ఇలియట్ పేరు రాస్తే, వెడ్జిల కాగితం చదవనివాడి పేరు కూడా రాయాలి.

డబ్లిన్‌వాసి

అలాగే రాయండి. రెండూ రాయమనే నేనూ అంటాను. అయితే ఇలియట్‌ను మీ నాన్నగారితో కలపకండి. ఇలియట్ షంటింగు కూలీ కాదు, ఆ రోజు బండి మీద అందరికంటే పై అధికారి. అతని మీద కేసు పెట్టారు, మొదటిసారి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, మళ్లీ విచారించి నిర్దోషి అని వదిలేశారు. మీ నాన్నగారికి ఆ రెండో విచారణ దక్కలేదు.

నమూనా రైలు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రాత్రి కార్డు తిరగరాశాను: "పైపు విప్పితే బ్రేకు వదిలేసే బండిని కంపెనీ పంపింది, వాలు మీద దాని పైపును ఇలియట్ విప్పించాడు, 80 మంది చనిపోయారు." చోటు చాలక అక్షరాలు చిన్నవి చేయాల్సి వచ్చింది. మా అమ్మాయికి చూపిస్తే, రాళ్లు పెట్టినాయన పేరేమిటని అడిగింది.

డబ్లిన్‌వాసి

"కంపెనీ" అన్నది మళ్లీ పేరు కాదు. గ్రేట్ నార్తర్న్ రైల్వే అని రాయండి.

గేజి పిచ్చి

కొత్త ఫొటో చూశాను. వాలు మీద విడిచిన భాగంలో పది పెట్టెలు ఉండాలి, మీరు తొమ్మిదే పెట్టారు.

నమూనా రైలు

పదోది బ్రేకు వ్యాను. దాని రంగు ఇంకా ఆరలేదు.