బొంత కుట్టే ముందు కొత్త బట్ట ఉతకాల్నా? మీ అనుభవం చెప్పుండ్రి

తొట్టెల బొంత (హన్మకొండ):
అక్కలు, వదినెలు, ఒక సంగతి అడుగుత. మా అక్కకు బిడ్డ పుట్టింది. ఇరవయ్యొకటో నాడు తొట్టెల్ల ఏస్తరు, ఇంక 12 రోజులే ఉన్నయి. కింద పరిచే బొంత నేనే కుడ్త అన్న. లోపలికి మా అమ్మ కట్టి కట్టి మెత్తవడ్డ నూలు చీరలు, మూడు వరుసలు. పైమొకానికి తెల్ల కాటన్, చుట్టూ అంచుకు ఎర్ర కాటన్ చౌరస్తాల కొత్తగ కొన్న, చెరి 2 మీటర్లు. దుకాణంల "రంగు పోదమ్మా" అన్నరు. ఉతికి కుట్టాల్నా, కుట్టినంక ఉతకాల్నా? ఉతికితె మెత్తగై కత్తెర కింద జారుతదని భయమైతుంది.

జనగామ వదినె:
ఉతుకు చెల్లె. నేను ఉతకక ఏడ్చిన. మా అత్తమ్మ చీరలతోని పెద్ద బొంత కుట్టిన, నెల రోజుల చేతిపని. అంచుకు మాత్రం కొత్త బట్ట, తాను నుంచి చింపుకొచ్చింది చింపుకొచ్చినట్టే ఏసిన. మొదటి ఉతుకుకే అంచు గుంజుకపోయింది, నడుమ బొంత బోర్లిచ్చిన గంపోలె లేచింది. ఇస్త్రీ చేసిన, తడిపి గుంజిన, సాపు కాలె. ఆఖరికి అంచు మొత్తం విప్పి మళ్ల కుట్టిన. పాత చీర గుంజుకపోయేదంత ఎన్నడో గుంజుకపోయింది, కొత్త బట్ట నీ చేతుల్నే మొదలువెడ్తది. ఆ రెండిటిని ఒక్క దారంతోని కట్టిపడేస్తె ఇట్లనే అయితది.

కొత్తవాడ మగ్గం:
మాది మగ్గం ఇల్లు, అందుకే కారణం చెప్త. నేసేటప్పుడు పడుగు దారాన్ని, అంటె పొడవుల పోయే దారాన్ని, బిగబట్టి ఉంచుతరు. తెగకుండ గంజి పట్టిస్తరు. మగ్గం మీదికెళ్లి దిగినా ఆ బిగువు బట్టల ఉంటది. నీళ్లు తగలంగనే గంజి కరుగుతది, దారం వదులై ఎన్కకు పోతది. అందుకే చాలా బట్టలు పొడవుల ఎక్కువ, పన్నాల తక్కువ గుంజుకపోతయి. మామూలు కొత్త కాటన్ నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గుతది. 60 అంగుళాల అంచుకు 3 అంగుళాల దాక పోయినట్టు.

నీ బట్ట ఎంత పోతదో నువ్వే సూడొచ్చు. ఒక మూలకు 10 అంగుళాల చౌకం కత్తిరించు, పడుగు ఏ దిక్కున్నదో పెన్సిలుతోని గీత గియ్యి. రోజు ఎట్ల ఉతుకుతవో అట్లనే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి కొలువు. ఇంకోటి, అంచు పట్టీలన్నీ ఒక్క దిక్కుకే కత్తిరించు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితె ఎంత ఉతికినా మూలలు సరిగ కూసోవు.

కరీంనగర్ కుట్టుమిషన్:
నేను వేరే మాట చెప్త. పదేండ్ల సంది ముక్కల బొంతలు కుడ్తున్న, ముందు ఉతకను. చిన్న ముక్కలు కలిపి కుట్టాలంటె బట్ట పెళపెళ ఉండాలె, గంజి పోతె పావు అంగుళం కుట్టు కూడ తప్పుతది. కాని నా బొంతల మీది బట్ట, కింది బట్ట, అంచు అన్నీ ఒకే రకం కొత్త కాటన్. అన్నీ కలిసి గుంజుకపోతయి, పైన సన్న ముడతలు వడ్తయి, నాకు ఆ ముడతలే ఇష్టం. నీ లెక్క పాతది కొత్తది కలిపేదుంటె నేను గూడ ఉతుకుత. ఉతికినంక జారుతదన్న భయం వద్దు. పల్చటి గంజి వెట్టి, తడి పూర్తిగ ఆరకముందే ఇస్త్రీ చెయ్యి, మళ్ల కాయితంలెక్క కత్తిరొస్తది. ఆ గంజి బొంత అయినంక ఉతికితె పోతది.

సిద్దిపేట పెద్దమ్మ:
బిడ్డా, కొలత సంగతి తర్వాత, ముందుగాల ఆ ఎర్రది సూడు. తెల్లదాని పక్కన ఎర్రది పెడ్తున్నవు. మా మనుమనికి కుట్టిన బొంత మొత్తం గులాబీ రంగయింది. ఎర్రదాన్ని రాళ్లుప్పు నీళ్లల్ల రాత్రంత నానవెట్టు.

కొత్తవాడ మగ్గం:
పెద్దమ్మా, తప్పు వట్టుకోకు. ఉప్పు రంగు అద్దేటప్పుడు పనికొస్తది, రంగును దారం మీదికి తోలుతది. అద్దినంక మిగిలిన వదులు రంగును కట్టిపెట్టదు. ఉప్పునీళ్లల్ల నీళ్లు తేటగ కనవడ్తయి, ఉప్పులేని మంచి నీళ్లల్ల ముంచంగనే మళ్ల దిగుతది. వదులు రంగు పోవాల్సిందే. వేడి నీళ్లల్ల విడిగ ఉతికి, నీళ్లు మార్చుకుంట పోవాలె. నమ్మకం కోసం తడి ఎర్ర బట్ట మీద తెల్ల గుడ్డ పెట్టి ఇస్త్రీ ఒత్తు. గుడ్డకు మరక కాకపోతె దాంతోని పని చేసుకోవచ్చు. మరక అయితనే ఉంటె ఆ బట్ట తెల్లదాని పక్కన పెట్టకు, ఎంత ఇష్టమున్నా సరె.

సిద్దిపేట పెద్దమ్మ:
గట్లనా, నేను ఇన్నేండ్లు ఉప్పే నమ్ముకున్న. ఈసారి నువ్వు చెప్పినట్టు చేస్త.

మంచిర్యాల తల్లి:
ఇద్దరు పిల్లల తల్లిగ చెప్తున్న. తొట్టెల్ల బొంత రోజుకు రెండుసార్లన్న తడుస్తది. మొదటి దినమే ఉతుకుతరు, అప్పుడు రంగు, గుంజుడు రెండూ బైటవడ్తయి. బిడ్డ తోలు సుత పల్చన, కొత్త బట్టల ఉండే గంజి, మందులు పోవాలె. కత్తిరించిన ముక్కలు ఉతక్కు, పీసులు పీసులైతయి. మొత్తం బట్టనే ఉతుకు, కొసలకు ముందు జిగ్‌జాగ్ కుట్టెయ్యి. లోపల దూది వెట్టకు. ఏకిన దూది ఉతికితె గడ్డలు కడ్తది, అందుకే దూది రజాయిని ఎండకే ఏస్తం కాని నీళ్లల్ల ముంచం. చీర వరుసలే మంచివి.

సిరిసిల్ల అన్న:
పాలిస్టర్ అయితె గుంజుకపోదు కద అని ఎవలన్న అంటరేమో. నిజమే, గుంజుకపోదు. కాని తడి పీల్చదు, ఎండకాలం బిడ్డ వీపు చెమటకు నానుతది. కాటనే పెట్టు చెల్లె.

తొట్టెల బొంత (హన్మకొండ):
అందరు చెప్పినట్టే చేసిన. 10 అంగుళాల ముక్క పొడవుల తొమ్మిదిన్నరకు వచ్చింది, అడ్డం పావు అంగుళం పోయింది. ఎర్రది మొదటి మూడు నీళ్లు కుంకుమ కలిపినట్టున్నయి, ఆరో నీళ్లకు తేటవడ్డది. తెల్ల గుడ్డ పెట్టి ఇస్త్రీ చేసిన, మరక కాలె. అప్పుడు నిమ్మలమైంది. తెల్లది వేరే బకెట్ల ఉతికిన. రెండూ డాబా మీద ఆరేసిన, అమ్మ చీరల పక్కనే. రేపు పొద్దుగాల గంజి వెట్టి కత్తిరిస్త. వదినె, చేతికుట్టుకు అంగుళానికి ఎన్ని కుట్లు ఏస్తవు?

జనగామ వదినె:
పెద్ద బొంతకు ఐదు. బిడ్డ వేళ్లు కుట్ల సందుల ఇరుకుతయి, నువ్వు ఏడు ఎయ్యి.