‘చేసుకున్నోనికి చేసుకున్నంత’: ఈ ‘అంత’ ఎంత?

ప్రొద్దుటూరు నుంచి ప్రశ్న:
మన పక్క ‘చేసుకున్నోనికి చేసుకున్నంత’ అంటాం. కొందరు చివర ‘మహదేవా’ కూడా చేరుస్తారు. ఈ సామెతనూ, ‘తన కోపమె తన శత్రువు’ పద్యాన్నీ పిల్లలకు ఒకే అర్థంగా చెప్పొచ్చా? అప్పులతో ప్రాణం తీసుకున్న రైతు వార్త కింద ఎవరో ఈ సామెత రాసినారు. చదివితే మనసు చివుక్కుమంది. సామెత తప్పు కాదు, అక్కడ అతకలేదు. ఎందుకు అతకలేదో వ్యాకరణంతో చెప్పగలరా?

అనంతపురం నుంచి:
చెప్పొచ్చు అక్కా. సామెత బరువంతా ‘చేసుకొను’లోని ‘కొను’ మీద, ‘అంత’ మీద ఉంది. ‘వంట చేసింది’ అంటే ఎవరికైనా చేసి ఉండొచ్చు, ‘వంట చేసుకుంది’ అంటే తన కోసమే. చేసిన పని ఫలం చేసినవాళ్లకే చేరుతుందని ‘కొను’ చెబుతుంది. అందుకే సామెత ‘చేసినోనికి’ అనలేదు. ఇక ‘అంత’ కొలత మాట. చేసింది సేరైతే అనుభవించేదీ సేరే. అంటే ఈ సామెత వాడేవాళ్లు రెండు రుజువు చెయ్యాల: పని అతనిదేనని ఒకటి, ఫలం ఆ పనికి సరితూగిందని రెండోది.

ఇప్పుడు అప్పు మాటలే చూడండి. ‘అప్పు చేసినాడు’ అంటే పని అతనిది. ‘అప్పు అయింది’ అంటే చేసినవాడు వాక్యంలో లేడు. ‘నాయన అప్పులు పెట్టి పోయినాడు’ అంటే చేసిందొకరు, మోసేదొకరు. ‘అప్పులపాలైనాడు’ అంటే మనిషే అప్పుల సొత్తు అయినాడు. ఒకే బాకీకి మన భాష ఇన్ని రకాలుగా లెక్క రాస్తుంది. పల్లెల్లో చేనెండినోన్ని గురించి ‘అప్పు అయింది పాపం’ అంటారే గానీ ‘చేసుకున్నాడు’ అనరు. పెళ్లికి హంగు చేసి మునిగినోన్ని మాత్రం ‘చేసుకున్నాడు’ అంటారు. బడిలో చెప్పకపోయినా ఈ తేడా అందరి నోట్లో ఉంది.

పడు, పెట్టు జంట కూడా ఇట్లాంటిదే. ‘బాధపడినాడు’ దగ్గర ఆగితే ఎవరినీ అడగాల్సిన పని లేదు. ‘బాధపెట్టినారు’ అంటే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. ఇక ‘కష్టపడు’కు రెండర్థాలు. ఒళ్లొంచి పనిచేయడం కష్టపడటమే, దుఃఖం అనుభవించడమూ కష్టపడటమే. ‘కష్టపడితే కష్టాలు పోతాయి’ అని తేలిగ్గా అంటాం గానీ, ఏండ్ల తరబడి మొదటి కష్టం చేసి రెండో కష్టంలోనే ఉండిపోయినవాళ్లకు ఆ వాక్యం ఏమీ చెప్పదు.

కర్నూలు నుంచి:
పద్యం సంగతి నేను చెబుతా.

తన కోపమె తన శత్రువు
తన శాంతమె తనకు రక్ష దయ చుట్టంబౌ
తన సంతోషమె స్వర్గము
తన దుఃఖమె నరక మండ్రు తథ్యము సుమతీ

ఇది కందం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాల, ఇక్కడ అది ‘న’. కాబట్టి పాదాల మొదట ఉన్న నాలుగు ‘తన’లూ ప్రాస కోసం వచ్చినాయనుకోవచ్చు. కానీ ‘తన శత్రువు’లో ‘తన’, ‘తనకు రక్ష’లో ‘తనకు’ ప్రాసకు అక్కర్లేదు. అవి కవి కావాలని పెట్టినవే. నాకు నచ్చేది ‘దయ చుట్టంబౌ’. కోపం, శాంతం, సంతోషం, దుఃఖం నాలుగింటికీ ‘తన’ ఉంది, దయకు లేదు. చుట్టం బయటినుంచి వచ్చేవాడు కదా. పద్యమంతటా మనిషి ఒంటరిగా ఉంటే, ఈ రెండు మాటల దగ్గర మాత్రం వాకిలి తెరుచుకుంటుంది. పిల్లలకు ఇక్కడ ఆగి చెప్పండి మేడమ్.

ఇంకొకటి. పద్యం మాట్లాడేది మనసు గురించి. ఆకలి, వడ్డీ, వాన దాంట్లో లేవు. వాటికి ఈ పద్యాన్ని తగిలిస్తే కవి అనని మాట ఆయన చేత అనిపించినట్లే.

ఆదోని నుంచి:
ఒప్పుకుంటా అన్నా, కానీ అన్నీ వాన మీదికి, సర్కారు మీదికి తోసేస్తే మనిషి చేతిలో ఏం మిగుల్తుంది? వేరుశనగ ఏడు సాళ్లకు ఒక సాలు కంది పెట్టమని ఎప్పటినుంచో చెబుతున్నారు. వేరుశనగ పోయినా కంది ఎంతో కొంత నిలబడుతుంది. అది వినకుండా చేనంతా ఒకే పంట పెడితే అది ‘చేసుకున్నది’ కాదా? మనిషి తప్పు చేయలేడని అంటే, ఆ మనిషిని చిన్నపిల్లోని కింద జమకట్టినట్లే. అదీ అవమానమే.

అనంతపురం నుంచి:
మీరన్నది న్యాయం. చేసుకున్నదాన్ని చేసుకున్నదనే అనాల. నా పట్టు ‘అంత’ మీదే. లెక్క వేసి చూడండి.

లక్ష రూపాయలు, నూటికి రెండు. నెలకు 2,000, ఏడాదికి 24,000. ప్రోనోటు మీద కోర్టుకు పోవడానికి కాలపరిమితి మూడేండ్లు, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం. ఆలోగా తీరకపోతే నోటు తిరగరాస్తారు. మూడేండ్ల వడ్డీ 72,000 అసలులో కలిసి కొత్త నోటు 1,72,000కు లేస్తుంది. ఇంకో మూడేండ్లకు దాని వడ్డీ 1,23,840. మొత్తం బాకీ 2,95,840. తిరగరాయకుండా బారువడ్డీనే నడిచుంటే ఆరేండ్లకు 2,44,000 అయ్యేది. తేడా 51,840. ఈ తేడా ఏ విత్తనంలో పోలేదు, ఏ ఎరువులో పోలేదు, కాగితం మారినందుకు పుట్టింది. మధ్యలో కట్టిన డబ్బుకు నోటు వెనక చెల్లు రాయించుకోకపోతే అదీ లెక్కకు రాదు. చెల్లు రాయించుకోకపోవడం అతని తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ తప్పు కొలత ఎంత, బాకీ కొలత ఎంత?

ఆ అప్పుకు బ్యాంకుకే పోవచ్చు కదా అంటారు. కౌలు రైతు పోవాలంటే సాగుదారు హక్కుల పత్రం కావాల. దాన్ని పెట్టిన 2019 చట్టం 11 నెలల ఒప్పందానికి భూయజమాని సంతకం అడిగింది. ఆయన సంతకం పెట్టకపోతే మిగిలేది నూటికి రెండే. వాక్యంలో కర్త మారిపోయింది చూడండి.

మీ కంది మాట కూడా నిజమే. కానీ వేరుశనగ పూత నుంచి ఊడలు నేలలోకి దిగే వేళ రెండు వారాలు వాన మొగం చాటేస్తే ఎంత బాగా సేద్యం చేసినా కాయలో పప్పు కట్టదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, అదీ వేళకు పడదు. కందిసాలు పెట్టనోడు కొంత చేసుకున్నాడు. ‘అంత’ మాత్రం చేసుకోలేదు.

కర్నూలు నుంచి:
మన నేల పేరులోనే ఈ గొడవ ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాడు, అట్ల ‘దత్తమండలాలు’ అయినాయి. దత్తం అంటే ఇవ్వబడినది. ఇచ్చినోడున్నాడు, పుచ్చుకున్నోడున్నాడు, ఇక్కడి మనుషుల నోట్లో మాట లేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్న పేరు పెట్టినాక, సీమవాళ్లు దాన్నే తమదిగా పెట్టుకున్నారు. ఇక్కడ ‘కొను’ ఎంత నిండుగా పలుకుతుందో! ‘కొను’ నింద మోయడానికే కాదు, విడిపించుకోవడానికి కూడా అదే కావాల.

ప్రొద్దుటూరు నుంచి:
సంతోషం. ఇంకొక్క సందేహం. పత్రికల్లో ‘బలవన్మరణానికి పాల్పడ్డాడు’ అంటారు కదా, అది బాగుందా?

అనంతపురం నుంచి:
నాకు నచ్చదు అక్కా. ‘పాల్పడు’ ఈ రోజుల్లో నేరాలకు, మోసాలకు వాడే మాట. ఆత్మహత్యాయత్నం నేరంగా ఉన్నప్పుడు అది స్థిరపడి ఉండొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా అనుకోమంది, శిక్షించొద్దంది, సంరక్షణ బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. చట్టం వాక్యం మార్చింది, మనం ఇంకా మార్చలేదు. ‘ప్రాణం తీసుకున్నాడు’ చాలు. దాని పక్కనే బాకీ ఎంత, వడ్డీ ఎంత, పంట ఎందుకు పోయింది, పొలం సొంతమా కౌలా, నాలుగూ రాయాల.

ప్రొద్దుటూరు నుంచి:
అయితే ఆ వార్త కింద నేను సామెత రాసినాయన్ను ఒకటే అడుగుతా: ‘అన్నా, నోటు ఎన్నిసార్లు తిరగరాసినారు?’